పైగాలిలో పోటూ పాటూ

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

‘ఆకాశంలోకి లేజర్ కొట్టి 80 కిలోమీటర్ల ఎత్తున గాలి అలల్ని కొలుస్తారు’ అని గత సంచికలో ఓ చిన్న వార్త వేశాం. దాని మీద గోదావరి డెల్టా నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేసి, ఏడింటికి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: గాలికి పోటేంటండీ? అంతర్వేది మొగలో పోటు చంద్రుణ్ణి బట్టి వస్తుంది. పైన గాలికీ చంద్రుడేనా?
– డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: కాదమ్మా, గాలిపోటుకి సూర్యుడే కారణం. అది కూడా ఆకర్షణతో కాదు, వేడితో. ఎండలో కొంత భాగాన్ని కింది పొరల్లోని నీటి ఆవిరి పీల్చుకుంటుంది, ఇంకొంత పైనున్న ఓజోన్ పీల్చుకుంటుంది. ఉష్ణమండలపు మేఘాల్లో ఆవిరి నీరయ్యేటప్పుడు వదిలే వేడి కూడా తోడవుతుంది. పగలు కాగి రాత్రి చల్లారే ఈ ఊపుకి 24 గంటల అల, 12 గంటల అల, 8 గంటల అల పుడతాయి. సముద్రపు పోటు రోజుకి 50 నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతుంది కదా. గాలిపోటు అలా జరగదు, సూర్యుడి గడియారం ప్రకారమే వస్తుంది. చంద్రుడి వాటా బొత్తిగా లేదని కాదు. నేల దగ్గర అది 0.1 మిల్లీబారు లోపే ఉంటుంది కాబట్టి, ఏళ్ల తరబడి లెక్కలుంటే తప్ప బయటపడదు.

అసలు విశేషం ఎత్తుతో ఉంది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచనవుతుంది. ప్రతి 7 కిలోమీటర్లకీ సాంద్రత మూడో వంతు కన్నా కాస్త ఎక్కువగా మాత్రమే మిగులుతుంది. అల మోసుకెళ్లే శక్తి తగ్గకుండా గాలి బరువు తగ్గితే, ఊపు పెరగక తప్పదు. లెక్క ప్రకారం 14 కిలోమీటర్లకి 2.7 రెట్లు, నేల నుంచి 90 కిలోమీటర్లకి 600 రెట్లు. దారిలో కొంత అరిగిపోతుంది గానీ, కింద మనం పట్టించుకోని ఊపు పైన సెకనుకి పదుల మీటర్ల గాలిగా మారడానికి మిగిలింది చాలు.

ప్రశ్న: మా బోటులో బారోమీటరు రోజూ పొద్దున్న పదింటికి ఎక్కువ చూపించి, సాయంత్రం నాలుగింటికి మూడు మిల్లీబార్లు దిగిపోతోందండీ. వాన లేదు, గాలి లేదు. మీటరు పాడైందా, వాయుగుండం సూచనా?
– చేపలబోటు యజమాని, నరసాపురం

జవాబు: మీ మీటరు దివ్యంగా ఉందండీ. మీరు చూస్తున్నదే పై జవాబులో చెప్పిన 12 గంటల గాలిపోటు. మన అక్షాంశాల్లో ఒత్తిడి ఉదయం 10కీ రాత్రి 10కీ ఎక్కుతుంది, తెల్లవారుజామున 4కీ సాయంత్రం 4కీ దిగుతుంది. దీనికి 24 గంటల అల కూడా తోడు కావడంతో సాయంత్రపు దిగుడు పెద్దదిగా ఉంటుంది.

వాయుగుండం సంగతి తెలియాలంటే ఇప్పటి అంకెను మూడు గంటల కిందటి అంకెతో పోల్చకండి. నిన్న ఇదే గంటకి ఎంత ఉందో దానితో పోల్చండి. వాతావరణ శాఖ వాళ్లు 24 గంటల మార్పు వేరే లెక్కగట్టేది ఈ పోటును తీసేయడానికే. నిన్న 10 గంటల కన్నా ఇవాళ 10 గంటలకి రెండు మూడు మిల్లీబార్లు తక్కువుంటే అప్పుడు రేడియో వినండి. వేటకి వెళ్లాలా వద్దా అన్నది మాత్రం శాఖ హెచ్చరికను బట్టే తేల్చుకోవాలి.

బారోమీటరు లేనివాళ్లూ దీన్ని చూడొచ్చు. చాలా స్మార్ట్‌ఫోన్లలో ఒత్తిడి సెన్సర్ ఉంటుంది. ఫోన్ని ఒకేచోట, ఒకే ఎత్తులో ఉంచాలి. మీటరు ఎత్తు మారితే 0.12 మిల్లీబారు మారుతుంది, అంటే మేడ ఎక్కితే పోటు లెక్క తప్పినట్టే. ఏసీ గదిలో వద్దు, ఛార్జింగ్‌లో పెట్టి వేడెక్కనివ్వొద్దు. గంటకోసారి చొప్పున కనీసం 10 రోజులు రాయాలి. అల్పపీడనం నడిచిన రోజుల్ని కొట్టేయాలి. ఏ రోజు సగటును ఆ రోజు అంకెల్లోంచి తీసేసి, మిగిలినవాటిని గంటల వారీగా సగటు చేస్తే 24 అంకెలు మిగులుతాయి.

ఇప్పుడు గంటను 30తో గుణించి డిగ్రీలనుకోండి. ప్రతి అంకెనూ ఆ కోణపు కొసైన్‌తో గుణించి, 24 లబ్ధాలనూ కూడి 12తో భాగిస్తే ఒక అంకె వస్తుంది. సైన్‌తో అలాగే చేస్తే రెండోది. మొదటిది 0.6, రెండోది మైనస్ 1.0 వచ్చాయనుకుందాం. వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 1.17 మిల్లీబార్లు, అదే అల ఎత్తు. ఆ రెండు అంకెలూ ఇచ్చే కోణం మైనస్ 59 డిగ్రీలు, 30తో భాగిస్తే మైనస్ 2 గంటలు. 12 కలిపితే 10. అంటే పదింటికి శిఖరం.

స్ప్రెడ్‌షీట్‌లో రెండుచోట్ల బోల్తా పడతారు. ఒకటి, కోణాన్ని డిగ్రీల్లోనే ఇచ్చేయడం. దాన్ని రేడియన్లలోకి మార్చాలి. రెండోది, ఆ కోణం తీసే ఏటాన్2 సూత్రంలో కొసైన్ అంకె ముందు, సైన్ అంకె తర్వాత రావాలి. చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో ఈ వరస తిరగబడి ఉంటుంది, అదే అలవాటుగా వేస్తే శిఖరం ఏ ఐదింటికో పోతుంది.

మన డెల్టాకి ఇందులో ఒక సుఖం ఉంది. గాలిపోటు స్థానిక సూర్యకాలాన్ని బట్టి నడుస్తుంది. మన ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ దగ్గర్లోంచే పోతుంది కాబట్టి నరసాపురంలో చేతిగడియారానికీ సగటు సూర్యకాలానికీ తేడా మూడు నిమిషాలే. ద్వారకలో ఇదే ప్రయోగం చేసేవాళ్లు 50 నిమిషాలకు పైగా సవరించుకోవాలి.

ప్రశ్న: లేజర్ వెలుగు తిరిగొచ్చినంత మాత్రాన 60, 70 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత ఎంతో ఎలా తెలుస్తుంది? అక్కడ థర్మామీటరు లేదు కదా.
– ఫిజిక్స్ లెక్చరర్, రాజోలు

జవాబు: తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనశాల ఉంది. అక్కడ 1998లో భారత్–జపాన్ కలిసి పెట్టిన, లేజర్ మెరుపుల్ని పైకి కొట్టి తిరిగొచ్చే వెలుగుని కొలిచే లైడార్‌నే తీసుకుందాం. ఆకుపచ్చ రంగు, 532 నానోమీటర్లు. సెకనుకి 20 మెరుపులు, ఒక్కో మెరుపులో సుమారు అర జౌలు. 750 మిల్లీమీటర్ల అద్దమున్న టెలిస్కోప్ తిరిగొచ్చే వెలుగుని పడుతుంది. 90 కిలోమీటర్లు పోయి రావడానికి వెలుగుకి 0.6 మిల్లీసెకను చాలు, కాబట్టి వచ్చిన వేళను బట్టి ఎత్తు తెలిసిపోతుంది. 2 మైక్రోసెకన్లకొక గడి చొప్పున లెక్కిస్తే గడికి 300 మీటర్లు.

ఒక మెరుపులో ఒకటి పక్కన 18 సున్నాల కన్నా ఎక్కువ ఫోటాన్లు (వెలుగు రేణువులు) పోతాయి. తిరిగొచ్చేవి? గడి 300 మీటర్లు, పరికరం మొత్తం సామర్థ్యం 5 శాతం అని అంచనా కడితే 60 కిలోమీటర్ల నుంచి రెండు మెరుపులకి ఒక ఫోటాన్, 80 నుంచి యాభై అరవై మెరుపులకి ఒకటి. అందుకే 5,000 మెరుపుల్ని, అంటే 250 సెకన్లవి, కలిపి, ఏ ఎత్తున ఎంతో చూపే ఒక ప్రొఫైల్‌గా దాస్తారు. అప్పుడు 60 దగ్గర 2,500 ఫోటాన్లు, 80 దగ్గర 90. లెక్కలో సందిగ్ధత వర్గమూలమంత ఉంటుంది కాబట్టి 60 దగ్గర 2 శాతం, 80 దగ్గర 10 శాతం దాటుతుంది. గంటసేపటివి కలిపినా 80 దగ్గర 3 శాతం మిగులుతుంది. 2 శాతం ఊపున్న అల అక్కడ ఒక్క ప్రొఫైల్‌లో ‘కనిపించింది’ అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక ఉష్ణోగ్రత. ఫోటాన్ల సంఖ్యను దూరం వర్గంతో గుణిస్తే గాలి సాంద్రతకు అనుపాతంగా ఉండే అంకె వస్తుంది. ఒక పొర మీద ఒత్తిడి అంటే దాని పైనున్న పొరలన్నిటి బరువే. పై నుంచి కిందికి సాంద్రతలు కూడుకుంటూ వస్తే ఒత్తిడి, దాన్ని సాంద్రతతో భాగిస్తే ఉష్ణోగ్రత. లేజర్ బలమెంత, అద్దం ఎంత మురికిగా ఉంది అన్న గుణకం లవంలోనూ హారంలోనూ ఉండి కొట్టుకుపోతుంది. ఈ పద్ధతి అందమంతా అక్కడే ఉంది, పరికరాన్ని దేనితోనూ సరిచూడకుండానే కెల్విన్లు వచ్చేస్తాయి. ఒక్కటి మాత్రం అరువు తెచ్చుకోవాలి. అన్నిటికన్నా పై పొర ఒత్తిడి ఏదో నమూనాలోంచి తీసుకోవాలి. అక్కడ 20 కెల్విన్లు తప్పినా 14 కిలోమీటర్లు దిగేసరికి అది 3కి తగ్గుతుంది. అందుకే తెలిసినవాళ్లు పైనున్న 10–15 కిలోమీటర్ల ఫలితాన్ని పారేస్తారు.

తప్పులు ఎటు లాగుతాయో తెలిస్తే పట్టుకోవడం తేలిక. 120 కిలోమీటర్ల పైన గాలి నుంచి వచ్చేదేమీ ఉండదు, అక్కడ లెక్కపడేది వెన్నెల, ఊరి వెలుగు, ఫోటాన్లను లెక్కించే ట్యూబు సొంత గోల. దాన్ని సగటు చేసి అన్ని గడుల్లోంచీ తీసేయాలి. తక్కువ తీస్తే పైన సాంద్రత నెమ్మదిగా పడినట్టు కనిపించి, ఉష్ణోగ్రత ఎక్కువొస్తుంది. సాంద్రతను లాగ్ గ్రాఫులో వేస్తే తోక పైకి ముడుచుకుంటుంది, అదే గుర్తు. కిందనేమో ఇంకో తంటా. దగ్గరి వెలుగు వెల్లువలా వచ్చిపడి, ఫోటోమల్టిప్లయర్ ట్యూబు రెండు మూడు ఫోటాన్లను ఒకటిగా లెక్కేస్తుంది. సాంద్రత తక్కువ పడి అక్కడా దొంగ వేడి. దీనికి విరుగుడుగా వెలుగుని 90:10 లాంటి నిష్పత్తిలో రెండు ట్యూబులకు పంచుతారు, పైవాటికి పెద్ద వాటా, కిందివాటికి చిన్నది. 30 కిలోమీటర్ల లోపు ధూళి, ఆమ్లపు తుంపరలు ఉంటే అవి ఎక్కువ వెలుగు తిప్పి, గాలి చిక్కగా ఉన్నట్టు చూపి, దొంగ చలి తెస్తాయి. 2022 జనవరి 15న పేలిన హుంగా టోంగా అగ్నిపర్వతపు మబ్బు 57 కిలోమీటర్ల దాకా ఎగసింది. అలాంటి ఏళ్లలో ‘30 పైన గాలి శుభ్రం’ అన్న నమ్మకాన్ని మళ్లీ పరీక్షించుకోవాలి.

ప్రశ్న: లైడార్ రాత్రిపూటే పనిచేస్తే 24 గంటల అలను ఎలా కొలుస్తారు?
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: చాలామంది దాటవేసే ప్రశ్న అడిగారు. నిజానికి ఒక్క రాత్రి లెక్కతో కొలవలేరు. యానాం రేవులో సాయంత్రం మూడు గంటలు కూర్చుని నీరు పెరగడం చూశారనుకోండి. అది పోటో, పైనుంచి దిగుతున్న వరదో ఆ మూడు గంటల్లో చెప్పలేరు. పది గంటల రాత్రికీ 24 గంటల అలకీ అదే ఇబ్బంది. సగటు, నెమ్మది మార్పు, 24 గంటల అల, 12 గంటల అల ఒకదాని వేషం ఒకటి వేస్తాయి. కంప్యూటర్ మాత్రం అడగ్గానే ఏవో అంకెలిచ్చేస్తుంది, అదే ప్రమాదం.

చేసి చూడండి. పైన నరసాపురం వారికి చెప్పిన ఫోన్ లెక్కల్లో రాత్రి 8 నుంచి ఉదయం 5 వరకు ఉన్నవి మాత్రమే ఉంచి, సగటుతో పాటు రెండు అలల్నీ, తప్పుల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా కుదిర్చే లీస్ట్ స్క్వేర్స్‌తో సరిపోల్చండి. ఇక్కడ కొసైన్‌తో గుణించి కూడే సులువు చెల్లదు, అది 24 గంటలూ ఉంటేనే. అంకెల్లో 0.2 మిల్లీబారు అటూ ఇటూ చేసి మళ్లీ చేయండి. 12 గంటల అల ఎత్తు, శిఖరం గంట ఎంత గెంతుతాయో మీకే తెలుస్తుంది.

దారులు మూడు నాలుగున్నాయి. మొదటిది పగలు కూడా కొలవడం. సూర్యకాంతిలో లేజర్ రంగుని మాత్రమే లోపలికి రానిచ్చే అతి సన్నని ఫిల్టర్, టెలిస్కోప్ చూపుని బాగా కుదించడం, రెండూ కావాలి. చూపు కుదించేకొద్దీ లేజర్ కిరణం దాన్ని తప్పిపోయే భయం పెరుగుతుంది. జర్మనీలోని క్యూలుంగ్స్‌బోర్న్‌లో 2016 మేలో ఇలా దాదాపు పది రోజులు ఎడతెగకుండా నడిపారు. ఉపకరణం కన్నా పది రోజులు మబ్బు పట్టకపోవడమే పెద్ద అదృష్టం.

రెండోది ఉల్కా రాడార్, అంటే ఉల్కలు కాలిన జాడల మీద రేడియో అలలు కొట్టి, అవి గాలికి ఎటు కొట్టుకుపోతున్నాయో చూసేది. మబ్బూ ఎండా పట్టించుకోకుండా 80–100 కిలోమీటర్ల మధ్య గాలిని 24 గంటలూ ఇస్తుంది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో అలాంటిది ఉంది. లైడార్ ఇచ్చే ఉష్ణోగ్రతని దానితో జోడించవచ్చు. మూడోది ఉపగ్రహం. 2001 డిసెంబరులో ఎగిరిన టైమ్‌డ్ మీద ఉష్ణోగ్రత కొలిచే సేబర్ పరికరం చాలా ఎత్తులు చూస్తుంది గానీ, ఒకచోట 24 స్థానిక గంటలూ చుట్టిరావడానికి దాదాపు 60 రోజులు పడుతుంది. ఈలోగా పోటే మారిపోవచ్చు. చాలా రాత్రుల్ని గంటల వారీగా కలిపి సగటు చేసేవాళ్లున్నారు. అప్పుడు చిన్న అలలు కొట్టుకుపోతాయి, కానీ పోటు రోజురోజుకీ ముందువెనకలైతే సగటులో దాని ఎత్తు కూడా కుంగిపోతుంది.

ఒక్క రాత్రిలో కూడా ఒక ఆనవాలు దొరుకుతుంది. అడ్డంగా గంటలు, నిలువుగా ఎత్తు పెట్టి, రాత్రి సగటు తీసేసిన ఉష్ణోగ్రతను రంగులతో వేయండి. మన అక్షాంశాల్లో బలంగా ఉండే 24 గంటల అల నిలువు తరంగదైర్ఘ్యం సుమారు 25 కిలోమీటర్లు. అంటే దాని వెచ్చని పట్టీ గంటకి కిలోమీటరు చొప్పున కిందికి జారుతూ కనిపించాలి. పట్టీ దిగుతోందంటే శక్తి పైకి పోతోందన్నమాట. ఇది మొదట్లో ఎవరికీ మింగుడు పడదు. అన్ని ఎత్తుల్లోనూ ఒకేసారి మారే పట్టీ కనిపిస్తే, పోటుని కాక ముందు టెలిస్కోప్ గదిని అనుమానించండి. గది చల్లబడి అద్దం పట్టీలు బిగిస్తే కిరణం చూపు అంచుకి జరుగుతుంది.

ప్రశ్న: లైడార్‌తో గాలి వేగం కూడా తెలుస్తుందా? సోడియం లైడార్ అంటే?
– పాఠకుడు, భీమవరం

జవాబు: తెలుస్తుంది. ఉల్కలు కాలి రాల్చిన సోడియం 80–105 కిలోమీటర్ల మధ్య ఒక పొరగా ఉంటుంది. చిక్కగా ఉండే 90 దగ్గర కూడా ఘన సెంటీమీటరుకి కొన్ని వేల పరమాణువులే. అయినా పాత పసుపు వీధిదీపాల రంగు, 589 నానోమీటర్లు, సరిగ్గా తగిలితే ఒక్కో పరమాణువు మామూలు గాలి అణువు కన్నా లక్ష కోట్ల రెట్లకు పైనే వెలుగు తిప్పుతుంది. 1969లో ఇంగ్లండ్‌లో మొదట చేశారు, గాదంకిలో 2005 నుంచి ఉంది.

లేజర్ రంగు వెడల్పుగా ఉంటే సోడియం సాంద్రత మాత్రమే వస్తుంది. దాన్ని సుమారు 100 మెగాహెర్ట్జ్‌కి సన్నబరిచి, సోడియం పీల్చుకునే రంగు గీత శిఖరం మీద ఒకసారి, దానికి 630 మెగాహెర్ట్జ్ అటు ఒకసారి, ఇటు ఒకసారి కొడితే మూడు అంకెలొస్తాయి. పక్కలకీ శిఖరానికీ నిష్పత్తి ఉష్ణోగ్రతను, రెండు పక్కల తేడా గాలిని చెబుతాయి. సెకనుకి 1 మీటరు వేగానికి గీత 1.7 మెగాహెర్ట్జ్ జరుగుతుంది. నిట్టనిలువుగా చూస్తే గాలి అడ్డంగా వీచేది తెలియదు, టెలిస్కోప్‌ని 20–30 డిగ్రీలు వాల్చాలి. 20 డిగ్రీల వాలులో లేజర్ రంగు 1 మెగాహెర్ట్జ్ తప్పితే అడ్డగాలిలో 1.7 మీటర్ల అబద్ధం వస్తుంది. అందుకే లేజర్‌ని వెచ్చని సోడియం ఆవిరి గాజుగొట్టానికి కట్టేసి ఉంచుతారు. ఇంకో మాట: సోడియం పొర కింది అంచులోనూ పై అంచులోనూ ఒకే అల వ్యతిరేకమైన గుర్తులు వేస్తుంది. సోడియం సాంద్రత ఊగడం, గాలి సాంద్రత ఊగడం ఒకటి కావు.

ప్రశ్న: గురుత్వ తరంగాలంటే కృష్ణబిలాలు ఢీకొన్నప్పుడు వచ్చేవే కదా?
– పాఠకురాలు, యానాం

జవాబు: కావు, అవి గురుత్వాకర్షణ తరంగాలు. గాలిలో పుట్టే ఈ గురుత్వ తరంగాలు చెరువులో రాయి పడితే లేచే అలల లాంటివే. పైకి నెట్టిన గాలి బరువుకి దిగి, కిందికి దాటిపోయి, మళ్లీ తేలుతుంది. అతి చిన్న ఆవర్తన కాలం 5 నిమిషాల పైచిలుకు. అతి పెద్దది అక్షాంశాన్ని బట్టి మారుతుంది, అమలాపురం మీద సుమారు 42 గంటలు. బంగాళాఖాతపు తుఫాను మేఘాలు, కొండల మీదుగా దాటే గాలి వీటిని పుట్టిస్తాయి. పైన ఇవి విరిగినప్పుడు మోసుకొచ్చిన ఊపుని గాలికి ఇచ్చేస్తాయి. ధ్రువాల మీద 85–90 కిలోమీటర్ల ఎత్తు ఎండాకాలంలోనే అతి చల్లగా ఉండటానికి మూలం అదే.

ప్రశ్న: ఆకుపచ్చ లేజర్ పాయింటర్, మా కాలేజీ టెలిస్కోప్‌తో కోనసీమలో చిన్న లైడార్ కట్టుకోవచ్చా?
– డిగ్రీ విద్యార్థులు, రావులపాలెం

జవాబు: వద్దు బాబూ. 5 మిల్లీవాట్ల పాయింటరు, పై లైడార్ సగటు 10 వాట్లలో రెండు వేలో వంతు. 75 మిల్లీమీటర్ల టెలిస్కోప్ అద్దం వైశాల్యంలో నూరో వంతు. రెండూ కలిసి రెండు లక్షల రెట్లు తక్కువ. పైగా ఎడతెగని వెలుగుకి వేళ ఉండదు, ఎత్తు తెలియదు. దాన్ని విమానం వైపు తిప్పితే నేరం. పెద్ద లేజర్లయితే కంటికి క్షణంలో చేటు, ఆకాశంలోకి కొట్టాలంటే విమానయాన అనుమతి కూడా కావాలి. మన దగ్గర ఉప్పుగాలి అద్దం పూతను తింటుంది, తెల్లవారుజామున మంచు కిటికీ గాజు మీద చేరి సంకేతాన్ని మింగుతుంది. పొడిగాలి ఊదుతూ ఉండాలి. జూన్ నుంచి నవంబరు దాకా మబ్బులే, పనికొచ్చే రాత్రులు డిసెంబరు–ఏప్రిల్ మధ్యే.

మీకు చేయదగ్గది ఒకటుంది. సేబర్ ఉష్ణోగ్రతలు ఉచితంగా దొరుకుతాయి. 10–20 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ప్రొఫైళ్లను ఏరుకుని, 60 రోజులవి స్థానిక గంటల వారీగా సర్ది, ప్రతి ఎత్తులోనూ 24, 12 గంటల అలల్ని సరిపోల్చండి. ప్రామాణిక కాలాన్ని కాదు, ప్రొఫైల్ రేఖాంశాన్ని బట్టి స్థానిక కాలాన్ని వాడండి. ఖాళీగా ఉన్న గంటలెన్నో ముందే లెక్కపెట్టుకోండి, నాలుగైదు వరస గంటలు ఖాళీ ఉంటే ఆ నెలలు వదిలేసి వేరే నెలలు పట్టుకోండి.